జులైలో వెళ్లిన చలికాలం మెయిల్

టొరంటోలో నాకు దొరికిన మొదటి ఉద్యోగం ఇళ్లలో ఫర్నేస్‌లు బిగించి, బాగుచేసే ఒక చిన్న కంపెనీలో. ఫర్నేస్ అంటే ఏమిటో ఇంటర్వ్యూకి ముందురోజు రాత్రి చదివి తెలుసుకున్నాను. బేస్‌మెంట్‌లో ఒక పెద్ద పెట్టె ఉంటుంది, గ్యాస్‌తో గాలిని వేడిచేసి గొట్టాల ద్వారా గదుల్లోకి పంపుతుంది. నాకు తెలిసింది అంతే. అదృష్టం ఏమిటంటే నా పని దాన్ని బాగుచేయడం కాదు. కంపెనీ అప్పటికే రాయించి పెట్టుకున్న వ్యాసాల్ని ఈమెయిళ్లుగా మార్చి, వాటంతట అవే కస్టమర్లకు వెళ్లేలా అమర్చడం.

వినడానికి తేలికే. ఎవరైనా తమ అడ్రస్ ఇచ్చి చేరితే చాలు, ఆ రోజు నుంచి వారానికో మెయిల్ చొప్పున పన్నెండు వారాలు వెళ్లాలి. నేను వ్యాసాల జాబితా తెరిచి పై నుంచి పన్నెండు తీసుకున్నాను. ఒక్కోదాని మొదటి పేరా కాపీ చేసి, కింద 'మిగతాది చదవండి' అని బటన్ పెట్టాను. రెండు రోజుల్లో పని అయిపోయింది. మా మేనేజర్ "అప్పుడే అయిపోయిందా?" అన్నాడు. నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను.

జూన్‌లో చేరినవాళ్లకి జులైలో ఐదో మెయిల్ వెళ్లింది. సబ్జెక్ట్: 'ఈ వారమే తొలి మంచు, మీ ఫర్నేస్ సిద్ధమా?' బయట ఎండ ముప్పై రెండు డిగ్రీలు. ఒకాయన జవాబు రాశాడు: 'పొద్దున్నుంచీ కిటికీ దగ్గరే నిలబడి ఉన్నాను. ఎన్నింటికి పడుతుందో కూడా చెబితే బాగుండేది.'

ఆఫీసులో అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. టొరంటో ఉన్న ఆంటారియో రాష్ట్రంలో ఉద్యోగంలో మొదటి మూడు నెలలు ముందు నోటీసు ఇవ్వకుండానే తీసేయవచ్చు. నాకు అప్పటికి ఏడు వారాలే అయింది. ఆ టెన్షన్‌లో రాత్రి కూర్చుని పన్నెండు మెయిళ్లూ మళ్లీ చదివాను. మంచు సంగతి వాటిల్లో చిన్న తప్పే! ఒకదానిలో ప్రభుత్వం ఇల్లు బాగుచేసుకోవడానికి ఇచ్చే గ్రాంటుకు 'ఈరోజే దరఖాస్తు చేయండి' అని ఉంది. కెనడా గ్రీనర్ హోమ్స్ గ్రాంట్ అది. 2021లో మొదలై, 2024 మొదట్లోనే కొత్త దరఖాస్తులు తీసుకోవడం ఆపేసింది. ఇంకోదానిలో 'పైన చెప్పినట్టు' అని ఉంది. పైన ఏమీ లేదు, మెయిల్ అక్కడే మొదలవుతోంది.

వ్యాసం దగ్గరికి మనిషి తన అవసరం కొద్దీ వస్తాడు. ఇల్లు చల్లగా ఉంది, ఏం చేయాలో తెలియదు, వెతుక్కుంటూ వస్తాడు. కాబట్టి నాలుగు పేరాలు ఓపిగ్గా చదువుతాడు, పాత తేదీ కనిపిస్తే సర్దుకుంటాడు. అదే సరుకును మనం మెయిల్‌గా పంపినప్పుడు ఆయన బస్సులో ఉంటాడు, లేదా పిల్లాడికి బూట్లు తొడుగుతుంటాడు. ఏ ప్రశ్నా అడగని మనిషికి మనం జవాబు పంపుతున్నాం. ఈ తేడా నాకు పట్టుబడటానికి ఒక చలికాలం పట్టింది.

పట్టుబడేలా చేసింది మా టెక్నీషియన్. ముప్పై ఏళ్లుగా ఇదే పని చేస్తున్న పెద్దాయన, మాట్లాడేది తక్కువ. చలికాలం జాగ్రత్తల మీద ఒక పొడుగాటి వ్యాసం ఉండేది. దాని తొమ్మిదో పేరాలో 'బయటి వెంట్ పైపు మూసుకుపోకుండా చూసుకోండి' అని ఒక్క వాక్యం. ఆ పైపేమిటని ఆయన్ని అడిగాను. ఏమీ చెప్పకుండా కోటు తగిలించుకుని నన్ను బిల్డింగ్ పక్కకు తీసుకెళ్లాడు. గోడలోంచి రెండు తెల్లటి ప్లాస్టిక్ పైపులు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి, మోకాలెత్తులో. కొత్తరకం ఫర్నేస్‌లకు ఒకటి గాలి పీల్చుకోవడానికి, ఇంకోటి పొగ వదలడానికి. గాలికి కొట్టుకొచ్చిన మంచు గోడవారగా పేరుకుని అప్పటికే అంచు దాకా వచ్చింది. ఆయన బూటుతో పక్కకి నెట్టి, "ఇది పూడిపోతే ఫర్నేస్ ఆగిపోతుంది. అర్ధరాత్రి నాకు ఫోన్ వస్తుంది" అన్నాడు. కాసేపాగి, "ఆగిపోతే అదృష్టం. ఆగకపోతే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తుంది" అన్నాడు.

ప్రాణాలకు సంబంధించిన విషయం తొమ్మిదో పేరాలో ఉంది! ఆఫీసులో ఎవరికీ అది వింతగా అనిపించలేదు. వాళ్లంతా ఆ మంచులోనే పుట్టి పెరిగారు, పైపు సంగతి అందరికీ తెలుసనుకుంటారు. ఏమీ తెలియకుండా వచ్చిన నేనే దానికి సరైన పాఠకుణ్ణని అప్పుడు తోచింది.

ఆ వ్యాసాన్ని కుదించే ప్రయత్నం మానేశాను. అందులోంచి ఒక్క వాక్యం తీసుకున్నాను. సబ్జెక్ట్ 'మీ ఇంటి బయట తెల్ల పైపు ఎక్కడుంది?' లోపల ఫోన్‌తో తీసిన ఫొటో ఒకటి, మూడు వాక్యాలు, అత్యవసరమైతే చేయాల్సిన ఫోన్ నంబరు. బటన్ లేదు. "మరి మన వ్యాసం ఎవరు చదువుతారు?" అన్నాడు మేనేజర్. చదవక్కర్లేదు, పైపు చూస్తే చాలన్నాను. ఆయనకు నచ్చలేదు గానీ కాదనలేదు.

దీన్ని ఐదో వారమో ఆరో వారమో వెళ్లేలా పెట్టలేదు. సిద్ధంగా ఉంచి, భారీగా మంచు పడుతుందని ఇక్కడి వాతావరణ శాఖ, ఎన్విరాన్‌మెంట్ కెనడా, హెచ్చరిక ఇచ్చిన రోజున నేనే నొక్కి పంపేవాణ్ణి. ఆటోమేషన్ అని పేరు పెట్టి చేత్తో పంపడం ఏమిటని డాలస్‌లో ఇదే పని చేసే నా స్నేహితుడు ఎగతాళి చేశాడు. చేస్తే చేశాడు. ఫిల్టరు మార్చమని గుర్తుచేయడం లాంటివి యంత్రం చేతికి హాయిగా వదిలేయవచ్చు, ఏ నెలలో వెళ్లినా తప్పు కాదు. బయట మంచు పడుతోందో లేదో దానికి తెలియదు కదా.

వాడికీ నాకూ ఇంకో తేడా ఉంది. అమెరికాలో 2003 నాటి చట్టం ప్రకారం వద్దనేదాకా మెయిల్ పంపుకోవచ్చు. కెనడాలో 2014 జులై 1 నుంచి ముందు ఒప్పుకోలు ఉండాలి. మన దగ్గర ఏదైనా కొన్నవాళ్లయితే రెండేళ్లు, ఊరికే వివరాలు అడిగినవాళ్లయితే ఆరు నెలలు ఒప్పుకున్నట్టే లెక్క. ఆ తర్వాత పంపాలంటే స్పష్టంగా సరేనని ఉండాలి. మా దగ్గర ఎప్పుడెప్పుడో ఫోన్ చేసినవాళ్ల అడ్రస్‌లతో ఒక ఎక్సెల్ ఫైల్ ఉండేది. దాన్ని కలిపేయమని మేనేజర్ రెండుసార్లు అడిగాడు. కంపెనీలకు జరిమానా కోటి డాలర్ల దాకా ఉండొచ్చని చెప్పాను. మూడోసారి అడగలేదు.

పేర్ల గొడవ కూడా ఒకటి. మెయిల్ మొదట్లో 'హాయ్' పక్కన కస్టమర్ పేరు దానంతటదే పడుతుంది. పరీక్షకని నాకు నేను పంపుకుంటే 'హాయ్' పక్కన నా ఇంటిపేరు పడింది. పాస్‌పోర్టులో ఏ గడిలో ఏముందో దాన్నిబట్టి ఈ దేశంలో సగంమంది నన్ను అలాగే పిలుస్తారు, అలవాటైపోయింది. కానీ మా కస్టమర్లలో మన భారతీయులు ఎక్కువగా ఉండే బ్రాంప్టన్ వైపు వాళ్లు చాలామంది, వాళ్ల జాబితా తిరగేస్తే నాలాంటివాళ్లే వరసగా కనిపించారు. 'హాయ్' మాత్రం ఉంచి పేరు తీసేశాను. ఎవరూ అడగలేదు.

ఎంతమంది తెరిచారన్న లెక్కను నేను పెద్దగా నమ్మను. 2021లో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో తెచ్చిన మార్పు వల్ల మనిషి చూడకపోయినా తెరిచినట్టు నమోదు కావచ్చు. నేను చూసుకునేది జవాబులు. పైపు మెయిల్‌కు మొదటి రాత్రి పదకొండు వచ్చాయి. చాలావరకు 'చూశాం, బాగానే ఉంది' అని. ఒకావిడ మాత్రం మంచులో సగం మునిగిన పైపు ఫొటో పంపింది.

ఆ రాత్రి నేను అద్దెకుండే బేస్‌మెంట్‌లో పడుకోబోతుంటే ఫోన్ మోగింది. నేను పంపిన మెయిలే, పరీక్ష జాబితాలో నా అడ్రస్ కూడా ఉంది కదా. నవ్వుకుని పక్కన పడేశాను. రెండు నిమిషాల తర్వాత లేచి జాకెట్ వేసుకుని, ఫోన్ లైటు పట్టుకుని ఇంటి పక్కకి వెళ్లాను. మోకాళ్ల దాకా మంచు. పైన కిటికీ తెరుచుకుంది. ఇంటాయన.

"ఈ టైమ్‌లో అక్కడేం చేస్తున్నావ్?"

"పైపు చూస్తున్నానండీ."

"ఏ పైపు?"

ఆయన ఆ ఇంట్లో పన్నెండేళ్లుగా ఉంటున్నాడు. లైటు గోడ మీదికి తిప్పి చూపించాను.