నేల చదునుగా ఉన్నచోట

ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర.

పొద్దున్న నాన్న చేతిలో గుడ్డముక్క పట్టుకుని కారు ముందు నిలబడిపోయిన తీరు ఇంకా కళ్లముందే ఉంది. పడుకునేలోపు రాసిపెట్టుకోవాలనిపించింది.

మొన్న శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ విశాఖలో హనుమంతవాక దగ్గర సిగ్నల్లో ఆగి ఉన్నాను. డాష్‌బోర్డు మీద పసుపురంగులో కొమ్ముచెంబు లాంటి బొమ్మ వెలిగింది. దాని పక్కనే ఇంజిన్ ఆయిల్ తగ్గింది, ఒక లీటరు పోయమని స్క్రీన్ మీద రాసి ఉంది. గుండె ఝల్లుమంది. వెనక ఆటోవాళ్ల హారన్లు. అదే బొమ్మ ఎర్రగా వెలిగితే మాత్రం ఇంకో పది మీటర్లు కూడా పోకుండా పక్కకి తీసి ఆపేయాలని నాన్న నాకు డ్రైవింగ్ నేర్పిన రోజుల్లోనే చెప్పాడు. ఎరుపంటే ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని. పసుపంటే లెవెల్ తగ్గిందని. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. ఇంటి సంపులో నీళ్లు ఎన్ని ఉన్నాయన్నది ఒక సంగతి, మేడమీద కుళాయిలో ఎంత జోరుగా వస్తున్నాయన్నది ఇంకో సంగతి. సంపులో తగ్గితే కాసేపు ఆగి నింపుకోవచ్చు. ఇంజిన్‌లో ప్రెషర్ లేకపోతే ఇనుము ఇనుముని రాసుకుంటుంది, అంతే, బండి పట్టేస్తుంది.

పసుపే కాబట్టి మెల్లగా నడుపుకుంటూ సీతమ్మధార చేరాను. రాత్రి అన్నం దగ్గర చెబితే నాన్న ముఖం వెలిగింది. "ఆదివారం పొద్దున్నే గేజ్ తీసి చూద్దాంలే" అన్నాడు. ఈ కారుకి గేజ్, అంటే ఇంజిన్‌లో ఆయిల్ ఎంత ఉందో ముంచి చూసే పుల్ల, లేదని అప్పుడే చెప్పి ఉండాల్సింది. నోరు రాలేదు.

నాన్న ఇరవై రెండేళ్లు రైల్వే స్టేషన్ స్టాండులో అంబాసిడర్ టాక్సీ నడిపాడు. మా చిన్నప్పుడు మాకు తెల్లవారడమంటే ఆ బానెట్ చప్పుడే. ఇంజిన్ చల్లగా ఉండగానే గేజ్ లాగి, పాత బనీను ముక్కతో తుడిచి, మళ్లీ గుచ్చి, మళ్లీ లాగి, వీధిలైటు వెలుతురులో పైకెత్తి చూసేవాడు. రెండు గీతల మధ్య ఉంటే తలాడించేవాడు. అక్కడితో అయిపోయేది కాదు. కొసన వేలాడే చుక్కని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి రాసేవాడు, వాసన చూసేవాడు. డీజిల్ బండి ఆయిల్ మార్చిన నాలుగు రోజులకే నల్లబడుతుంది, రంగుని బట్టి ఏమీ చెప్పలేం, వేళ్లకి జిగురు తెలియాలి అనేవాడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గాలికి మా వీధి చివర చెట్టు కూలి ఆ కారు మీద పడింది. అదే ఏడాది మే నెలలో ఉత్తరపార ఫ్యాక్టరీలో అంబాసిడర్ల తయారీ కూడా ఆగిపోయింది. కొత్తది కొనే మాటే లేదు. నాన్న మళ్లీ టాక్సీ నడపలేదు.

నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఈ జర్మన్ పెట్రోల్ కారు కూడా 2014లో తయారైందే.

పొద్దున్న ఆరింటికి బానెట్ ఎత్తాను. నాన్న వంగి చూశాడు. పైనంతా నల్లటి ప్లాస్టిక్ మూత. ఎడంపక్క చూశాడు, కుడిపక్క చూశాడు, బ్యాటరీ తీగల వెనక వేలు పెట్టి తడిమాడు. మామూలుగా పసుపురంగు రింగు ఒకటి కనిపిస్తుంది కదా, దానికోసం. గుడ్డముక్క చేతిలోనే ఉంది.

"ఏటమ్మా, గేజ్ ఎక్కడెట్టారు?"

"దీనికి గేజ్ ఉండదు నాన్నా. కింద ఆయిల్ నిలిచే ఛాంబర్లో సెన్సర్ ఉంటుంది. అదే కొలిచి స్క్రీన్‌లో చూపిస్తుంది."

"అసలు నేదా?"

ఆ మాట అన్న తీరుకి నాకు చాలా బాధేసింది. వాళ్ల తరం డ్రైవర్లకి బండి ఒంట్లో నలత తెలుసుకోవడానికి ఉన్న నాడి అది. 2000ల మధ్యలో బీఎమ్‌డబ్ల్యూ కొన్ని ఇంజిన్లకి గేజ్ పెట్టడం మానేసింది. ఆ తర్వాత ఆడి కార్లు చాలావాటికి కూడా తీసేశారు. మనిషి సరిగ్గా చూడకపోవచ్చు, తప్పు చదివి ఎక్కువ పోసేయొచ్చు, సెన్సరైతే ఎప్పుడూ కనిపెట్టుకుని ఉంటుందని వాదన. అందులో నిజం లేకపోలేదు. అయినా సెన్సర్ పెట్టి, గేజ్ కూడా ఉంచాల్సింది అన్నదే నా మాట. సెన్సర్ చెడిపోతే ఛాంబర్లో ఎంత ఉందో ఇంటి దగ్గర తెలుసుకునే దారి ఉండదు. కొన్ని కార్లకి గేజ్ గొట్టం ఉంచి మూత బిగిస్తారు, పుల్ల మాత్రం షెడ్డులోనే ఉంటుంది. నా కారుకి ఆ గొట్టమూ లేదు.

మార్చిలో సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు ఆయిల్ ఎలా చూసుకోవాలని అక్కడి కుర్రాణ్ణి అడిగాను. "మీరేం చూడక్కర్లేదు మేడమ్, తగ్గితే అదే చెబుతుంది" అన్నాడు. నమ్మాను. ఎనిమిది నెలలు ఒక్కసారి కూడా మెనూ తెరవలేదు. శనివారం రాత్రి కూర్చుని కారుతో వచ్చిన పుస్తకం మొత్తం చదివాక గాని అర్థం కాలేదు, ఆ దీపం వెలిగేది లెవెల్ అడుగు గీత దాకా పడిపోయాకే అని. అంటే అది ఆఖరి హెచ్చరిక. చూసుకోవడమంటే అది వెలగకముందు చూసుకోవడం.

పుస్తకంలో రాసిన షరతులు నాన్నకి చదివి వినిపించాను. ఇంజిన్ బాగా వేడెక్కి ఉండాలి. నడుస్తూనే ఉండాలి. గేరు పార్కింగ్‌లో ఉండాలి, యాక్సిలరేటర్ మీద కాలు పెట్టకూడదు. నేల చదునుగా ఉండాలి. దాదాపు ఒక నిమిషం ఆగాలి.

నాన్న కనుబొమ్మలు ముడిపడ్డాయి. "నడుస్తున్నప్పుడు సగం ఆయిలు పైనుంటాది కదమ్మా. ఆపి, కిందికి దిగినాక చూడాల గాని?"

చాలా సరైన ప్రశ్న. పంపు తిరుగుతున్నంతసేపూ కొంత ఆయిల్ పైన ఇంజిన్ హెడ్‌లో, ఫిల్టర్‌లో, సందుల్లో ఉంటుంది. గేజ్ గీతలు ఆపిన ఇంజిన్ లెక్కన గీసినవి. ఈ సెన్సర్ లెక్క నడుస్తున్న ఇంజిన్‌ది, పైకి పోయే భాగాన్ని ముందే తీసేసి అడుగున ఎంత మిగలాలో కట్టిన లెక్క. వేడెక్కితే ఆయిల్ వ్యాకోచిస్తుంది కాబట్టి వేడి కూడా కొలుస్తుంది. అదంతా చెప్పాక కాసేపు ఆలోచించి "అయితే మన లెక్కకి తిరగేసి" అన్నాడు. అవును, ఆయన ఇరవై రెండేళ్లూ చల్లటి ఇంజిన్ ఆపి చూస్తే, ఇది వేడి ఇంజిన్ నడిపి చూడమంటోంది.

ఇక చదునైన నేల. విశాఖలో ఉంటూ అది అడిగితే ఎలా? మా వీధి ఏటవాలు, అపార్ట్‌మెంట్ పార్కింగ్ కూడా వాననీళ్లు పోవడానికి వాలుగానే పోశారు. ముక్కు కిందికి ఉంటే ఛాంబర్లో ఆయిల్ అంతా ఒక పక్కకి చేరి లెక్క తప్పుతుంది. ఇంజిన్ వేడెక్కాలి కూడా కాబట్టి ఇద్దరం బయల్దేరి తెన్నేటి పార్కు దాటి సాగర్‌నగర్ వైపు పోయాం. ఆదివారం పొద్దున్న కదా, రోడ్డు ఖాళీగానే ఉంది. సముద్రం ఎదురుగా ఒక జాగా నాకు బాగానే కనిపించింది. నాన్న ఒప్పుకోలేదు. దిగి, సగం నీళ్లున్న బాటిల్‌ని నేలమీద పడుకోబెట్టాడు, తాపీమేస్త్రి రసమట్టం పెట్టినట్టు. అది మెల్లగా కదిలి రెండడుగులు దొర్లింది. ఇంకో జాగా చూశాం. అక్కడ అడ్డంగా పెట్టినా నిలువుగా పెట్టినా బాటిల్ కదల్లేదు. "ఇక్కడెట్టు" అన్నాడు.

మెనూలోకి వెళ్లి కొలత మొదలుపెట్టాను. నాన్న రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని స్క్రీన్‌నే చూస్తున్నాడు.

"దానికెలాగ తెలుస్తాదమ్మా?"

"మన ఊళ్లో బావిలో రాయి వేసి, చప్పుడు ఎంతసేపటికి వస్తుందో విని నీళ్లెంత లోతున ఉన్నాయో చెప్పేవాళ్లు కదా, అలాంటిదే నాన్నా. కొన్నిట్లో సెన్సర్ అడుగునుంచి మన చెవికి అందని శబ్దం పైకి పంపుతుంది. అది ఆయిల్ పైతలం దాకా వెళ్లి తిరిగొస్తుంది. వెళ్లి రావడానికి సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు. ఆ కాలాన్ని బట్టి ఎత్తు లెక్కకడుతుంది. ఇంకో రకంలో చిన్న తీగని వేడిచేసి వదిలేస్తారు. ఆయిల్‌లో ఎంత మునిగి ఉంటే అంత తొందరగా చల్లారుతుంది."

"ఎత్తు తెలుస్తాది" అన్నాడు. ఇంకేమీ అనలేదు.

నిమిషం అయ్యింది. స్క్రీన్ మీద నిలువు గీత, అందులో రంగు అడుగు గుర్తుకి కాస్త కింద.

ఇంజిన్ ఆపి, పది నిమిషాలు ఆగి బానెట్ ఎత్తాం. ఆయిల్ పోసే చోటి మూత తిప్పి తీసి నేను పక్కన పెట్టబోతుంటే నాన్న అందుకుని తిరగేశాడు. మూత లోపలివైపు, రబ్బరు చుట్టు పక్కన, పల్చటి ఆయిల్ పొర. తెల్లగా నురగ ఏమైనా ఉందేమో వెలుతురుకి పెట్టి చూశాడు. ఉంటే రేడియేటర్ నీళ్లు కలుస్తుండొచ్చు. లేదు. తర్వాత వేలితో ఒక చుక్క తీసి, ఆ రెండు వేళ్ల మధ్యా రాశాడు. కళ్లు మూసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పదేళ్ల తర్వాత ఆయన అలా చేయడం చూశాను. నాకు మాట రాలేదు.

"పెట్రోలు వాసనొస్తంది, కొంచెం."

నేనూ చూశాను. నాకు ఆయిల్ వాసన తప్ప ఇంకేమీ తెలియలేదు. నా ఆఫీసు నాలుగు కిలోమీటర్లు. ఇంజిన్ సరిగ్గా వేడెక్కేలోపే ఆపేస్తాను. అలా చిన్న చిన్న దూరాలే తిరిగితే కాలని పెట్రోల్ కొంత సిలిండర్ గోడల మీంచి దిగి ఆయిల్‌లో కలుస్తుంది, బాగా వేడెక్కినప్పుడే ఆవిరై పోతుంది. కలిసినంత మేర ఆయిల్ పలచబడుతుంది, కాని ఎత్తు పెరుగుతుంది. స్క్రీన్ మీద గీత నిండుగా కనిపించినా కనిపించొచ్చు. నాన్న ముక్కు మీద నాకు నమ్మకం ఉంది. సర్వీసు తేదీ దాకా ఆగకుండా వచ్చే నెలే ఆయిల్ మార్పించేస్తాను. వారానికొకసారి హైవే మీద గంటసేపు తిప్పుతాను.

శనివారం కొన్న లీటరు డబ్బా తీశాను. పుస్తకంలో ఉన్న ఆయిల్ రకం నంబరూ డబ్బా మీద నంబరూ ఒకటేనని రెండుసార్లు సరిచూశాను. స్క్రీన్ లీటరంటోంది గాని, నాన్న సగమే పొయ్యమన్నాడు. ఎక్కువైతే తీయడం కష్టం. పై గీత దాటితే ఇంజిన్ అడుగున తిరిగే క్రాంక్ ఇరుసు ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది, నురగకి ప్రెషర్ నిలవదు. తక్కువ ఎంత చెరుపో ఎక్కువా అంతే. పోస్తుంటే "నీళ్లలాగుంది" అని ఆశ్చర్యపోయాడు. ఆయన వాడిన ఆయిల్ ఇంతకన్నా చాలా చిక్కన.

రుషికొండ దాకా వెళ్లి తిరిగొచ్చి, బాటిల్ నిలిచిన జాగాలోనే మళ్లీ ఆపాం. మళ్లీ నిమిషం. ఈసారి రంగు మధ్యదాకా వచ్చింది. నాన్న తలాడించాడు, వీధిలైటు కింద తలాడించినట్టే. మిగతా అరలీటరు డిక్కీలో పెట్టాం.

ఇంటికొచ్చాక బీరువా అడుగునుంచి తన పాత జేబు డైరీ తీశాడు. టాక్సీ రోజులది. తేదీ, కిలోమీటర్లు, పోసిన ఆయిల్, పేజీలకి పేజీలు. ఖాళీ పేజీ ఒకటి తెరిచి నా ముందు పెట్టాడు. ఇవాళ్టి తేదీ, మీటరు రీడింగు, అరలీటరు, గీత మధ్యకి అని రాశాను. నేను పెన్ను మూస్తుంటే తీసుకుని, వంకర అక్షరాలతో కింద ఒక మాట చేర్చాడు: పెట్రోలు వాసన.

గుడ్డముక్కని ఉతికి ఆరేశాడు. ఎండాక డ్రైవర్ తలుపు అరలో పెట్టమన్నాడు.

బుధవారం శ్రీకాకుళం పెళ్లికి పోవాలి. మధురవాడ మీదుగా హైవే ఎక్కితే దగ్గర. నాన్న మాత్రం బీచ్ రోడ్డులో పోయి, సాగర్‌నగర్ దగ్గర ఒక్క నిమిషం ఆగి, భీమిలి, తగరపువలస మీదుగా హైవే ఎక్కుదామంటున్నాడు. అలాగే పోదామన్నాను. ఒక అరగంట ముందు లేవాలి. అలారం ఐదింటికి పెట్టాను.