కార్నేలో పాలపొడి

అత్తయ్య బీరువాలో నీలం అట్ట పుస్తకం ఒకటుంది. కొట్టు అప్పుల పద్దు. ఇక్కడ మారిషస్‌లో దాన్ని కార్నే అంటారు. సరుకులు సంచిలో వేసుకుని "మెట్ లోర్ కార్నే" అంటే చాలు, మూల మీది చీనా కొట్టాయన రాసుకుంటాడు. జీతం రాగానే తీర్చాలి.

మొన్న బీరువా సర్దుతూ తిరగేశాను. 2020 పేజీల కంటే 2022 పేజీలే కిక్కిరిసి ఉన్నాయి. మా ఆయనకి పని లేని ఏడాదిన్నర కంటే, పని మళ్ళీ దొరికాకే మాకు ఎక్కువ కష్టమైంది.

2020 మార్చిలో కరోనాతో దేశాన్ని మూసేశారు. అంతకుముందు ఏడాది 13 లక్షలకు పైగా టూరిస్టులు వచ్చిన దీవి ఇది. ఆయన ఓ బీచ్ హోటల్ లాండ్రీలో చేసేవారు. వాళ్ళు కాంట్రాక్టు పొడిగించలేదు. జీతాల్లో కొంత ప్రభుత్వం భరించే పథకం ఉంది గానీ, కాంట్రాక్టే లేని మనిషికి ఏం వస్తుంది? జూలైలో వకాషియో ఓడ మా తీరాన పగడపు దిబ్బనెక్కి, ఆగస్టులో నూనె కక్కింది. మాహెబూర్ ఒడ్డున అందరం కూర్చుని గుడ్డసంచుల్లో చెరకు ఆకు కుక్కి కుట్టాం, నూనెకి అడ్డుకట్టగా. నా గోళ్ళలో ఆ నలుపు వారం దాకా వదల్లేదు. పోనీ చేపలైనా పట్టుకుందామంటే వేట ఆపేశారు.

అప్పుడు ఇల్లు నడిచింది అత్తయ్య పింఛను 9,000 మారిషస్ రూపాయల మీదే. నా పుట్టిల్లు ఆంధ్రలో తాళ్ళరేవు పక్క ఊరు. కోరంగి రేవులో ఓడెక్కి వచ్చారని ఇక్కడి తెలుగువాళ్ళని కోరింగీలనేవారు. అత్తయ్య పెద్దవాళ్ళూ అలా వచ్చినవాళ్ళే. ఆవిడకి వచ్చిన తెలుగంతా రామభజన పాటలే. ప్రతి నెలా డబ్బు నా చేతిలో పెట్టి "గార్ద్ సా, మో తిఫీ" అనేది. దాచుకో అమ్మా, అని. ఆడపడుచు కూరగాయలు పంపేది.

2021 అక్టోబరులో సరిహద్దులు తెరిచారు. ఆయన్ని మళ్ళీ పిలిచారు, తక్కువ జీతానికి. కూరగాయలు రావడం ఆగింది, ఆడపడుచు తప్పు కాదది. పని లేనివాడి మీద అందరికీ జాలే. పనికెళ్ళే మనిషింట్లో పాలు లేవంటే ఎవరూ నమ్మరు. కరోనాలో ఆపిన అప్పు వాయిదాలూ బ్యాంకు మళ్ళీ మొదలుపెట్టింది.

బియ్యం, పప్పు, గోధుమలు, పాలపొడి, అన్నీ ఓడలో రావాల్సిందే. టూరిస్టులు లేక యూరోలు రాక మా రూపాయి పడిపోయింది. 2019 చివర్లో 36 దరిదాపుల్లో ఉన్న డాలరు 2022లో 44 దాటింది. ఓడ కిరాయిలు పెరిగాయి, పైన ఉక్రెయిన్ యుద్ధం. ఆ ఏడాది ధరలు 10.8 శాతం పెరిగాయని లెక్క. అది సగటు. జీతంలో సగం వంటింటికే పోయే మాలాంటి వాళ్ళకి తగిలిన దెబ్బ అంతకంటే పెద్దది. సబ్సిడీ రొట్టె లేకపోతే ఏమైపోయేవాళ్ళమో.

కార్నే చూస్తే తెలుస్తుంది. 2020లో "నూనె 1, గుడ్లు 12, పాలపొడి". 2022లో "నూనె అర, గుడ్లు 3, పాలపొడి చిన్నది". సరుకు తగ్గింది, పక్కన అంకె పెరిగింది. పాపకి రెండు చెంచాల పొడి వేసి, మా టీలో డబ్బా అడుగు గీరి కలిపేదాన్ని.

2024 జనవరిలో కనీస వేతనం 16,500 చేశారు. ఆయన జీతమూ కాస్త కదిలింది. మార్చిలో పాత బాకీ తీర్చాను. కొట్టాయన ఆఖరి అంకె మీద అడ్డంగా గీత గీసి, దాని కిందే ఆ రోజు నేను తీసుకున్న పాలపొడి రాశాడు.