మూడో బల్ల వైస్

బడి రోజుల గురించి రెండు పేజీలు రాసి పంపమని మన పాత విద్యార్థుల సంచిక కమిటీ నుంచి మూడుసార్లు ఫోన్ వచ్చింది. వానకు కూలిన గోడ గురించి, లెక్కల క్లాసులో పిల్లి గురించి ఎవరో ఒకరు రాస్తారు. నేను మాత్రం వడ్రంగి షెడ్డులో మూడో బల్ల మీది వైస్, అంటే చెక్కను రెండు ఇనుప దవడల మధ్య బిగించి పట్టే పరికరం, గురించే రాస్తాను. అది ఇప్పుడు నా దగ్గరే ఉంది. పొద్దున్నే నా చెయ్యి మొదట పడేది దాని హ్యాండిల్ మీదే.

మూడో బల్ల అంటే ఎవరెవరో మళ్లీ చెప్పక్కర్లేదు. ముందు దవడ పైఅంచున సెంటర్ పంచ్‌తో, అంటే ఇనుము మీద గుర్తు కొట్టే మొనతో, కొట్టిన మూడు చుక్కలు కూడా చెక్కు చెదరలేదు. కొట్టినవాడికి తెలుసు, పక్కన నిలబడి సుత్తి అందించిన నాకు తెలుసు.

మనం ‘యాభై రెండున్నర’ అని పేరు పెట్టుకున్న వడ్రంగి మాస్టారికి నేను మొదటి రోజే దొరికిపోయాను. సన్నటి చెక్కను వైస్‌లో ఓ పక్కగా పెట్టి, బలంకొద్దీ బిగించి చిత్రిక పట్టబోయాను. చెక్క జారింది. ఆయన తిట్టలేదు. నా తల వంచి, దవడల్ని పైనుంచి చూడమన్నారు. చెక్క ఉన్న పక్క ఎడంగా, లేని పక్క దగ్గరగా, ముందు దవడ వంకరపోయి ఉంది. అదే మందం ఉన్న ముక్కను రెండో పక్కన దూర్చి మళ్లీ బిగించారు. ఈసారి చెక్క కదల్లేదు. “తోడు చెక్క ఏదిరా?” అని ఆ తర్వాత మూడేళ్లూ ఆయన అడుగుతూనే ఉన్నారు, పరీక్ష హాల్లో కూడా. “ముందు పట్టు చూడు, కత్తి సంగతి తర్వాత” అనేవారు.

ఆ వైస్‌ను ఆయన విప్పి చూపించిన సాయంత్రం నాకు నిన్నటిలా ఉంది. నేలమీద పాత పేపరు పరిచి, ముందు దవడను స్క్రూతో, రెండు గైడు కడ్డీలతో సహా మొత్తంగా బయటికి లాగారు. దవడ మీద పోతలోనే వచ్చిన అక్షరాలు: రికార్డ్, 52½. మొదటిది కంపెనీ పేరు, రెండోది మోడల్ నంబరు. షెఫీల్డ్‌లో తయారైంది, దవడ వెడల్పు 9 అంగుళాలు. దీని చిన్న తమ్ముడు 52ది 7 అంగుళాలు, పెద్దన్న 53ది పదిన్నర. ఆయనకు పేరు ఎలా వచ్చిందో అప్పుడు అక్కడున్న వాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది.

తర్వాత హాఫ్ నట్ చూపించారు. మామూలు నట్టు స్క్రూను చుట్టూ పట్టుకుంటుంది. ఇది సగమే, కింద నుంచి స్క్రూ మరలకు ఆనుకుని ఉంటుంది. హ్యాండిల్ పక్కనున్న లీవర్ నొక్కితే స్క్రూ పొడవునా ఉన్న పట్టీ తిరిగి, నట్టును మరల నుంచి తప్పిస్తుంది. దవడను ఒక్క తోపుతో లోపలికి నెట్టొచ్చు. లీవర్ వదిలితే స్ప్రింగ్ మళ్లీ నట్టును మరల్లో కూర్చోబెడుతుంది. దవడను మళ్లీ లోపలికి అమర్చి, ఒక్కొక్కరి వేలు నట్టు కింద పెట్టించి లీవర్ నొక్కారు. అది కిందికి దిగి, మళ్లీ లేచి కూర్చోవడం వేలికి తెలిసింది. ఇంటికెళ్లేసరికి చీకటి పడింది. నాకు యంత్రం అంటే ఏమిటో అర్థమైంది ఆ వేలితోనే.

తర్వాత చాలా ఏళ్లు డ్రాయింగ్ బోర్డు ముందు, ఆపైన కంప్యూటర్ ముందు గడిచాయి. ఉద్యోగం బాగానే సాగింది. మానేశాక ఇంట్లో ఓ గది ఖాళీ చేసుకుని సొంత బల్ల కట్టుకున్నాను. దానికి కొత్త వైస్ కొన్నాను గానీ అది నా ప్రాణం తీసింది. హ్యాండిల్ అర చుట్టు తిరిగినా దవడ కదలదు. బిగిస్తే అడుగున పట్టేది, పైన సందు. చిత్రిక తోస్తే పలక వెనక్కి వాలేది.

అప్పుడే బడి షెడ్డు ఖాళీ చేసి సామాను తుక్కు కింద అమ్మేస్తున్నారని మనవాడు ఫోన్ చేశాడు. వెళ్లేసరికి మూడో బల్ల లేదు. గోడ పక్క ఇనుప కుప్పలో మూడు చుక్కలు కనిపించాయి. తుక్కు ధరకే ఇచ్చారు. దాన్ని మోసుకుంటూ బయటికి వస్తుంటే గొంతు పట్టేసింది.

ఇంటికొచ్చి చూస్తే స్క్రూ నిటారుగానే ఉంది గానీ హాఫ్ నట్ పళ్లు అరిగి కత్తి అంచులైపోయాయి. గట్టిగా బిగిస్తే పళ్లు జారి టక్కున వదిలేస్తోంది. కొన్నాళ్లు వెతికితే పాత సామాన్ల మధ్య మరో 52½ దొరికింది. దాని ముందు దవడ పగిలిపోయింది. పోత ఇనుము కదా, వంగదు, పగులుతుంది. నాకు కావలసింది దాని నట్టు. దాన్ని మన స్క్రూ మీద కూర్చోబెట్టి లైటు వైపు ఎత్తి చూశాను. పళ్ల మధ్య వెలుగు రాలేదు. ఆ క్షణంలో మాస్టారు పక్కనుంటే బాగుండుననిపించింది.

తుప్పుకు రాపిడి వాడలేదు, అక్షరాలు అరిగిపోతాయని. వాషింగ్ సోడా నీళ్లలో ముంచి, బ్యాటరీ చార్జర్ నెగటివ్ దవడకు, పాజిటివ్ ఓ మామూలు ఇనుప రేకుకు తగిలించాను. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయటే. రేకు స్టెయిన్‌లెస్ స్టీలు అయితే నీళ్లు విషమవుతాయి, ఎవరైనా చేస్తే ఈ మాట మరవొద్దు. తెల్లారేసరికి తుప్పు నల్లటి మడ్డిలా చేతికి ఊడొచ్చింది. వెంటనే ఆరబెట్టి నూనె రాశాను.

వెనక దవడను బల్ల అంచులోకి గూడు తొలిచి దించాను. దాని లోపలి ముఖానికి బిగించిన చెక్క పలక బల్ల అంచుతో సమంగా ఉంది, పని చేసే పొడవాటి చెక్కలు అంచు పొడవునా ఆనుకుంటాయి. రెండు దవడల పలకల్ని ఇనుము కన్నా కాస్త పైకి ఉంచాను, చిత్రిక కత్తి ఇనుముకు తగలకుండా. ముందు దవడ పలకను ఏటవాలుగా చిత్రిక పట్టాను. దవడలు మొదట పైన కలుస్తాయి, అడుగున కాగితం దూరేంత సందు. పూర్తిగా బిగిస్తే ఆ సందు మూసుకుంటుంది. ఈ ఒక్క పనికే ఒక పూట పట్టింది. అంతా అయ్యాక కాగితం ముక్కను పైఅంచున పెట్టి వేళ్లతో బిగించి లాగాను. చిరిగింది గానీ జారలేదు.

ఈ వైస్ మీద మా అమ్మాయి పెళ్లి మంచం నా చేత్తో చేశాను. ఇద్దరు కుర్రాళ్లు సాయంత్రాలు వచ్చి పని నేర్చుకుంటున్నారు. చిన్నవాడు మొన్న సన్నటి చెక్కను ఓ పక్కగా పెట్టి బిగించబోతూ, నేను నోరు తెరిచేలోపే ఆగి, తోడు చెక్క కోసం చుట్టూ చూశాడు.

అరిగిన హాఫ్ నట్ పారెయ్యలేదు. మనం కలిసే రోజు జేబులో వేసుకుని వస్తాను. మూడో బల్ల వాళ్లు ముందు రండి, పళ్ల మీద వేలు పెట్టి చూద్దురుగాని.