బేరం ఆడనివ్వని తుప్పు బిళ్ల

క్యోటోలో నాలుగు రోజులున్నాం. బంగారు గుడి, వెదురు తోపు అన్నీ చూశాం, ఫొటోలు ఫోన్లో పడున్నాయి. రాయాలనిపించింది మాత్రం తోజీ గుడి సంతలో ఒక ముసలాయన ముందు గొంతుక్కూర్చున్న గంట గురించే.

తోజీ సంత నెలనెలా 21నే. ఆ గుడిని పేరులోకి తెచ్చిన కూకై స్వామి 835లో మూడో నెల 21న పోయాడు, ఆయన పేరు మీద ఆనవాయితీ. ఆ తేదీ చూసుకునే టికెట్లు తీశాను. హోటల్ వాళ్లూ చూసుకున్నట్టున్నారు, ఆ రాత్రికి అద్దె ఒకటిన్నర రెట్లు! స్టేషన్ నుంచి పావుగంట నడక. అయినా మా ఆవిడ బస్సంది. మనిషికి 230 యెన్లు పోసి నిలబడి వెళ్లాం. దిగగానే ఆమె పాత కిమోనోల గుట్టలో మాయమైంది. నేను ఇనప సామాను వైపు నడిచాను.

నాకు కావాల్సింది త్సుబ. జపాన్ కత్తికి పిడికీ అలుగుకీ మధ్య అడ్డంగా ఉండే బిళ్ల, అరచేతిలో ఇముడుతుంది. 1876లో మెయిజీ ప్రభుత్వం నడుముకి కత్తి కట్టుకుని తిరగడాన్ని నిషేధించాక, ఇవి చేసే కంసాలులు పూలకూజాలకీ నగలకీ మళ్లారు. పాత బిళ్లలు కత్తుల్నుంచి ఊడి ఓడలెక్కి యూరప్, అమెరికా చేరాయి. కత్తి కొనాలంటే రిజిస్ట్రేషన్ కాగితాల తంటా. విడి బిళ్లకి అదేం లేదు. నా జేబుకి అందే సమురాయ్ ఇంతే.

నీలం పట్టా మీద ఆ ముసలాయన పదిహేనో ఇరవయ్యో పరిచాడు. ఒకదాని మీద డ్రాగన్, మబ్బులు, కళ్లకి బంగారు చుక్కలు. 18,000 యెన్లు. జపాన్లో బేరమాడితే మర్యాద కాదని అందరూ చెప్పే పంపారు గానీ, హైదరాబాద్ పాత సామాను సంత జుమ్మేరాత్ బజార్‌లో తిరిగిన చెయ్యి ఊరుకుంటుందా? కాల్కులేటర్‌లో 9,000 కొట్టి చూపించాను. ఆయన దాన్ని తీసుకుని 8,000 కొట్టాడు.

అడిగినదానికన్నా తగ్గించిన వ్యాపారిని నేనింతవరకు చూళ్లేదు. గుండె గుభేలుమంది. నా రెండేళ్ల జపనీస్‌లో "పాతదేనా?" అని అడిగాను.

"పాతదని నేనన్నానా?"

అనలేదు. నిజమే. జుమ్మేరాత్‌లో అయితే నిన్న పోత పోసింది కూడా నిజాం కాలంనాటిదే.

అప్పుడు మూలనుంచి బొమ్మా గిమ్మా లేని ఒక ఇనప బిళ్ల తీశాడు. గోధుమరంగు తుప్పు, అంచున రెండు మూడు గంట్లు. 20,000. "ఇది తగ్గదు."

రెండూ నా రెండు చేతుల్లో పెట్టి, "బొమ్మ చూడకు, చిల్లి చూడు" అన్నాడు. అలుగు మొదలు దూరే నడిమి చిల్లి డ్రాగన్ బిళ్లలో బిస్కెట్ అచ్చులా నున్నగా ఉంది. దాని పక్కన చిన్నకత్తి పిడి కోసం వదిలిన కంతలో, గోడ మధ్యన సన్నటి గీత. పోత అచ్చు రెండు చెక్కలు కలిసిన చోటది. తుప్పు బిళ్లలోనో! చిల్లికి పైనా కిందా రాగి ముక్కలు కొట్టి ఇరికించారు. చుట్టూ ఉలి గాట్లు. కొత్త అలుగుకి వదులైతే రాగి అతికి, ఉలితో అంచు నొక్కి బిగించేవారట. అంటే ఇది ఒక కత్తికి ముడిపడి ఉండలేదు, మారుతూ వచ్చింది. మా తాత ఎడ్ల సంతలో కొమ్ముల రంగు చూడడు, నేరుగా నోరు తెరిచి పళ్లు చూస్తాడు. అదే చూపు.

చేసినవాళ్లు బిళ్ల మీద చెక్కే సంతకాల సంగతి అడిగితే నవ్వాడు. పెద్ద పేర్లున్నవాటిలో దొంగ సంతకాలు బోలెడు, పేరు చూసి కొనొద్దన్నాడు. తర్వాత కుమమొతో తరహాది ఒకటి చూపించాడు, ధర అడగడానికే ధైర్యం చాల్లేదు. ఇనుము మీద గుడ్డ నేతలా అడ్డం నిలువు గీతలు గీసి, బంగారు రేకు కొట్టి పట్టించారు. వాళ్లు నునోమె అంటారు. హైదరాబాద్ కత్తుల మీద కనిపించే కోఫ్త్‌గరీ పద్ధతే.

ఇంకోటి నల్లగా, నీలి మెరుపుతో ఉంది, షకుదో. రాగిలో కొద్దిగా బంగారం కలిపి, మందు నీళ్లలో ఉడికిస్తే వచ్చే నలుపు. దాన్ని వేలితో తాకబోతే చెయ్యి పక్కకి తోశాడు. "రుద్దితే పోతుంది."

ఆ మాటకి ఇల్లు గుర్తొచ్చింది. మా ఇంట్లో బీదరీ పూలకూజా ఒకటుండేది. జింకులో రాగి కలిపిన పోతకి వెండి పొదిగి, బీదర్ కోట మట్టితో నలుపు తెచ్చినది. మా అమ్మకి ఆ నలుపు మసిలా కనిపించింది. దసరాకి ఇత్తడి సామానుతో కలిపి చింతపండేసి తోమింది. బూడిదరంగు చెంబయింది. వెండి తీగ ఎక్కడుందో వెతుక్కోవాలి.

20,000 ఇచ్చి తుప్పు బిళ్లే కొన్నాను. దాదాపు పదకొండు వేల రూపాయలు, రాత్రి ఉడాన్ నూడుల్స్‌తోనే సరిపెట్టుకున్నాం. గరుకు కాగితం, యాసిడ్ తగలనివ్వొద్దని, మెత్తటి గుడ్డతో రోజూ కాసేపు తుడవమని రెండుసార్లు చెప్పాడు.

హోటల్ నుంచి అమ్మకి వీడియో కాల్ చేసి చూపించాను. కళ్లజోడు సర్దుకుని చూసింది.

"అదేంట్రా అంత తుప్పు? నువ్వొచ్చేసరికి చింతపండు నానేసి ఉంచుతాలే."