రిప్లీ కొండ మీద ఇల్లు

శనివారం.

పొద్దున్నే ఇడ్లీలు తిని, అమెరికాలోని సిన్సినాటి నుంచి ఒహాయో నది వెంబడి గంటకు పైగా కారులో ప్రయాణించి, రిప్లీ అనే చిన్న ఊరు చేరుకున్నాము. ఊరి వెనుక కొండ మీద జాన్ రాంకిన్ అనే ప్రెస్బిటేరియన్ (ప్రొటెస్టెంట్ క్రైస్తవుల్లో ఒక శాఖ) పాస్టరు నివసించిన ఇల్లు ఉంది. పైకి వెళ్ళే మెట్లు నూరని చెబుతారు కానీ, నలభై దాటాక ఆయాసంలో నా లెక్క తప్పింది.

చిన్న ఇటుకల ఇల్లు. పదమూడు మంది పిల్లలతో ఆ దంపతులు ఇందులో ఎలా సర్దుకున్నారో అనుకుంటుండగానే, నది దాటి పారిపోయి వచ్చిన బానిసలకు కూడా ఇక్కడే చోటిచ్చారన్న సంగతి గుర్తుకు వచ్చింది. ముంగిట నిలబడితే కింద నది, దాని అవతల కెంటకీ రాష్ట్రం కనిపిస్తాయి. ఆ రోజుల్లో అవతలి ఒడ్డున బానిసత్వం చట్టబద్ధం, ఇవతల నిషిద్ధం. రాత్రిపూట ఈ ఇంటి కిటికీలో పెట్టిన దీపం అవతలి వారికి గుర్తుగా ఉండేదట. అయితే పారిపోయిన వారిని వెతికి పట్టుకుపోయే హక్కు యజమానులకు ఇవతల కూడా ఉండేది కాబట్టి, రాంకిన్ కొడుకులు వారిని చీకటి ఉండగానే ఉత్తరాన మరొక ఇంటికి చేర్చి వచ్చేవారు.

రాంకిన్ 1793లో టెన్నెసీలో పుట్టారు. అక్కడ ఆయన ప్రసంగాలు నచ్చక, బానిసత్వానికి వ్యతిరేకంగా మాట్లాడదలిస్తే రాష్ట్రం విడిచి వెళ్ళమని చర్చి సంఘ పెద్దలే చెప్పారు. కొన్నేళ్ళు కెంటకీలో పనిచేసి, 1822లో రిప్లీకి వచ్చి, నలభై ఏళ్ళకు పైగా ఇక్కడి సంఘానికి పాస్టరుగా ఉన్నారు.

ఇల్లు చూస్తున్నంతసేపూ నా మనసు ఆయన ఉత్తరాల మీదనే ఉంది. వర్జీనియాలో వ్యాపారం చేసుకుంటున్న తోడబుట్టినవాడు థామస్ బానిసలను కొన్నాడని తెలిసినప్పుడు, రాంకిన్ అతనికి వరుసగా ఉత్తరాలు రాసి, వాటిని రిప్లీ పత్రికలో అచ్చు వేయించారు; 1826లో అవి పుస్తకంగా వచ్చాయి. ఒళ్ళు నల్లగా ఉన్నంత మాత్రాన మనిషి బానిసగా పుట్టినట్టా అని వాదిస్తూ వాదిస్తూ, ఒకచోట ఆయన తానే బానిసనైనట్టు, భార్యాబిడ్డలతో సహా ఒక యజమాని చేతికి చిక్కినట్టు ఊహించుకుని రాస్తారు. అన్నదమ్ముల మధ్య అంత మాట కాగితం మీద పెట్టడమే కష్టం, పైగా ఊరంతా చదివేలా! 1827లో థామస్ తన బానిసలను విడిచిపెట్టాడు.

ఆడపిల్లకెందుకని చెల్లెలి వాటా కూడా తన పేరనే రాయించుకున్న మా అన్నయ్యకు, అది తప్పన్న ఒక్క ముక్క నేను ఆరేళ్ళుగా చెప్పలేకపోతున్నాను.

రాత్రి అన్నయ్యే ఫోను చేశాడు. మన ఊళ్ళో అప్పటికి తెల్లవారింది. రిప్లీ మెట్ల గురించి చెప్పాను, మోకాళ్ళ నొప్పి గురించి చెప్పాను. వానలు పడ్డాయా అని అడిగాను. పడ్డాయి, పొలం దున్నిస్తున్నానన్నాడు.