మిర్చి మంట అనుకున్నా

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమస్తాని. సీజన్‌లో ఒళ్లు మండని రోజుండదు. అందుకే పోయిన ఏడాది జనవరి చివర్లో అరచేతులు దురద పెడుతుంటే పట్టించుకోలేదు. రాత్రి కొబ్బరినూనె రాసుకుని పడుకునేవాణ్ని. నాలుగు రోజులకు అరికాళ్లకూ వచ్చింది. చెప్పులేసుకుని తిరిగేవాడి అరికాళ్లకు మిర్చి ఎలా తగులుతుందన్న ఆలోచనే రాలేదు.

పైకి ఒక్క దద్దురు లేదు. ఎంత గోకినా అసలు చోటు దొరకదు, చర్మం కింద ఎక్కడో ఉన్నట్టుంటుంది. పగలు ఎలాగో ఓర్చుకునేవాణ్ని. రాత్రి పన్నెండు దాటితే దువ్వెన తీసుకుని పాదాలు గీక్కోవడమే. దుప్పటి మీద నెత్తురు చుక్కలు చూసి, నల్లులేమోనని అమ్మ పరుపు ఎండలో వేసింది.

తర్వాత మూత్రం డికాక్షన్ రంగుకు తిరిగింది. కళ్లు పచ్చబడ్డాయి. "కామెర్లు రా" అని అమ్మ తేల్చేసి పసరు పోసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లింది. మూడు రోజులు పరగడుపున పసరు, ఆపైన చప్పిడి కూడు. ఆ మూడు రోజులూ క్యాప్సూల్ కూడా మానలేదు నేను.

అది నవంబర్‌లో జిమ్‌లో ఒకన్న ఇచ్చింది. "స్టెరాయిడ్ కాదు తమ్ముడూ, సప్లిమెంట్. నీ మగ హార్మోన్ టెస్టోస్టిరాన్‌నే లేపుతుంది" అన్నాడు. డబ్బా మీద పల్లేరుకాయ బొమ్మ. చేలగట్ల మీద కాళ్లకు గుచ్చుకునే పల్లేరే కదా, ఏం చేస్తుందిలే అనుకున్నా. రెండు నెలల్లో 71 కిలోలవాణ్ని 79 అయ్యా. చొక్కా చేతులు బిగుసుకుపోతుంటే మురిసిపోయా, అబద్ధమెందుకు.

ఆసుపత్రిలో చూస్తే నెత్తుట్లో బిలిరుబిన్, అంటే కామెర్లలో ఒంటిని పచ్చబరిచే పదార్థం, 14. మామూలుగా 1.2 లోపే ఉండాలి. హెపటైటిస్ పరీక్షల్లో ఏమీ లేదు, స్కానింగ్‌లో రాళ్లూ లేవు. "మందులేమైనా వాడుతున్నారా?" అని డాక్టరమ్మ రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ లేదన్నాను. దాచాలని కాదు, నా లెక్కలో అది మందు కాదు. మూడోసారి ఆవిడ నా భుజాల వైపు చూసి, "జిమ్‌కి వెళ్తారా?" అన్నారు.

మర్నాడు డబ్బా పట్టుకెళ్లా. ఆవిడ ఫోన్ టార్చ్ వేసి పల్లేరు, అశ్వగంధ, జింక్ అన్నీ దాటి, అడుగున చీమ తలకాయంత అక్షరాల దగ్గర గోరు ఆపారు. '17-ఆల్ఫా-మిథైల్' అని మొదలయ్యే చాంతాడంత పేరు.

"ఇది స్టెరాయిడే బాబూ. మామూలు హార్మోన్ మింగితే లివర్ చాలావరకు అక్కడే విరిచేస్తుంది. విరగకుండా ఈ మిథైల్ తోక తగిలిస్తారు. ఆ తోక వల్లే లివర్‌లో పైత్యరసం పారడం ఆగింది."

పేగుల్లోకి పోవాల్సింది నెత్తుట్లో కలిసిందన్నమాట. నా దురద అదీ. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో పరుగుల వీరుడు బెన్ జాన్సన్ స్వర్ణం ఊడగొట్టిన స్టానజొలాల్ అనే స్టెరాయిడ్‌కీ ఇదే తోక ఉందని తర్వాత చదివా.

ఇంకో రిపోర్టు చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. 300 పైన ఉండాల్సిన టెస్టోస్టిరాన్ 92! బయట నుంచి సరుకు దిగుతోంది కదా, మనం పండించడం ఎందుకని ఒళ్లు సాగు మానేసిందట. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి 'తయారు చెయ్' అని వృషణాలకు కబురు పంపడమే ఆపేసింది.

క్యాప్సూల్ మానేశాక కూడా పది రోజులు బిలిరుబిన్ పెరుగుతూ 19కి పోయింది. ఆ పది రోజులూ అద్దం చూడలేదు. దురదకు కొలెస్టిరమిన్ పొడి నీళ్లలో కలిపి ఇచ్చారు, ఇసుక తాగినట్టుండేది. ఐదో వారానికి నిద్ర పట్టింది. కళ్ల పసుపు పోవడానికి మూడు నెలలు. బరువు 66కి దిగింది. టెస్టోస్టిరాన్ మళ్లీ 300 దాటడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలూ నీరసం, దేనిమీదా మనసు లేకపోవడం. పెళ్లి మాట ఎత్తితే అమ్మ మీద విసుక్కునేవాణ్ని. కారణం ఏం చెప్పను?

జిమ్ అన్నకు ఫోన్ చేస్తే, "నీ బాడీకి పడలేదు తమ్ముడూ" అన్నాడు. అంతే.

ఈ ఫిబ్రవరిలో ఒక వ్యాపారికి మచ్చు చూపించడానికి తేజ రకం మిర్చి టిక్కీలో, అంటే బస్తాలో, చెయ్యి పెట్టా. సాయంత్రానికి అరచేతులు మండాయి. గుండె ఝల్లుమంది. రాత్రి కొబ్బరినూనె రాసుకుని, లైటు వేసే ఉంచి కూర్చున్నా. పదకొండు గంటలకు మంట తగ్గింది. అయినా పడుకునే ముందు ఒకసారి కళ్లు అద్దంలో చూసుకున్నా.