బ్లోయర్ రెసిస్టర్ దొరకని పాత కారు

మా పాత కారులో ఏసీ ఫ్యాన్ నాలుగో స్పీడులో తప్ప మిగతా వాటిలో తిరగడం మానేసింది. ఇలాంటప్పుడు అనుమానించవలసింది మోటారును కాదు, ఫ్యాన్ వేగాన్ని తగ్గించే తీగచుట్టలున్న బ్లోయర్ రెసిస్టర్‌ను. గరిష్ఠ వేగంలో కరెంటు ఆ తీగచుట్టలలోకి పోకుండా నేరుగా మోటారుకు చేరుతుంది కనుక ఆ ఒక్క స్పీడు మిగులుతుంది. అసలు భాగం తయారీ ఆగిపోవడంతో, విజయవాడ ఆటోనగర్‌లో దొరికిన వేరే మోడల్ రెసిస్టర్‌ను, మల్టీమీటరు తీగల సొంత నిరోధాన్ని తీసివేసి ఒక్కో చుట్టనూ కొలిచి చూసుకున్నాక, పాత పలకకు బిగించాను. దానిని గాలి తగిలే చోటే అమర్చాలి, ఎందుకంటే చుట్టలు చల్లబడేది ఆ గాలితోనే. అందులోని, మితిమీరి వేడెక్కితే కరెంటును ఆపేసే థర్మల్ ఫ్యూజును తీసేసి తీగముక్కతో కలపమని ఎంతటి మెకానిక్ చెప్పినా వినకూడదు. అది నిప్పుతో చెలగాటం.

వేడిగాలి మీట కేబుల్‌కు బదులుగా సైకిల్ బ్రేకు తీగ వేయమని చాలామంది సలహా ఇస్తారు. పేనిన తీగ లాగగలదే కానీ తోయలేదు, ఈ మీటకు రెండూ అవసరం; అందుకే ఒంటిపోగు ఉక్కు తీగను కొసన కొక్కెంలా వంచి వాడాను.

ఏసీ గ్యాసు గొట్టాల అతుకుల్లో లీకు కాకుండా వేసే ఓ-రింగుల దగ్గర మాత్రం సొంత ప్రయోగాలు వద్దు. ఆర్-134ఏ గ్యాసునూ దాని నూనెనూ తట్టుకునే హెచ్‌ఎన్‌బీఆర్ రబ్బరు రింగులనే కొనాలి.